రెండో బ్యాటరీ

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్న రాజయ్యను సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి చంపారు. జేబులు ముట్టుకోలేదు. పోయింది ఒక్క పుస్తకమే. 1963 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు వర్క్‌షాప్ మాన్యువల్.

ఒక పుస్తకం కంటే మనిషి ప్రాణం చౌకగా కనిపించిందంటే, దాని వెనక పెద్ద బేరమే ఉండాలి. ఆ బేరం ఎవరిదో తేల్చే పని ఏజెంట్ అంజన్‌కు పడింది. నాంపల్లి స్టేషన్ ఎదుట లాడ్జి గదిలో చీఫ్ ఫణికుమార్ ఐదు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు.

"ఆ మోడల్ కారు మన సిటీల డాక్టర్ శేషారత్నం దగ్గరుంది. మిసైల్ గైడెన్స్ సైంటిస్ట్. వచ్చే ఆదివారం పది గంటలకు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌ల పాత కార్ల పోటీ. విదేశీ గూఢచారుల రింగ్ ఆమెను ఆ కారులనే లేపేస్తది."

"పోటీకి పోవద్దని చెప్పండి సార్."

"చెప్పిన. తిట్టి ఫోన్ పెట్టేసింది. రింగ్ లోపల మన మనిషి ఉజ్వల ఉంది. పోటీల కార్లు కంపెనీ చేసినట్టే ఉన్నయా అని చూసే ఒరిజినాలిటీ జడ్జి ఆమెనే. కోడ్ వర్డ్ డైనమో. పో."

అంజన్ పాత స్పేర్ పార్ట్స్ డీలర్ వేషం కట్టాడు. లండన్ నుంచి అదే మాన్యువల్ స్కాన్ కాపీ తెప్పించి ఐదు రోజులు చదివాడు. గుడ్డ చుట్టిన వైర్ల రంగులు, డైనమో ఆంపియర్లు, బాడీకి కలిపే పాజిటివ్ టెర్మినల్, సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు. శనివారం శేషారత్నం షెడ్డుకు వెళ్లి బటన్ కెమెరాతో కారంతా ఫొటోలు తీసి పేజీలతో పోల్చాడు. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం అబిడ్స్‌లో ఒక చాయ్ హోటల్ ముందు ఉజ్వల కలిసింది. నల్లద్దాలు, ముదురాకుపచ్చ పట్టుచీర. దారిన పోయే వాళ్లు రెండోసారి తిరిగి చూస్తున్నారు.

"డైనమో దొరుకుతదా?" అంజన్ అడిగాడు.

"ఆల్టర్నేటర్ల జమానాల డైనమో ఎవరడుగుతున్రు?" కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "బాంబు పెట్రోల్ ట్యాంకుల పెడ్తరు. రేపు పొద్దున. ఇంకేం అడగకు, నన్ను చంపించేటట్టున్నవ్."

ఆదివారం తొమ్మిదింటికి బాంబ్ స్క్వాడ్ ట్యాంకు గాలించింది. ఏమీ లేదు.

"క్లియర్," ఇయర్‌పీస్‌లో ఫణికుమార్ అన్నాడు. "వాళ్లు భయపడి పారిపోయిన్రు. ప్యాకప్."

అంజన్‌కు ఈ లెక్క నచ్చలేదు. ఒక మనిషిని చంపి సరుకు తీసుకుపోయినవాడు, ఆ సరుకు వాడకుండా వెళ్లిపోడు.

తొమ్మిది యాభైకి గేటు దగ్గర గొడవ వినిపించింది. నాంపల్లి మెకానిక్ బాలమల్లును సెక్యూరిటీ వాళ్లు నెట్టేస్తున్నారు. శేషారత్నం కారు ముప్పై ఏళ్లు చూసుకున్నది అతనే. ఆ ఉదయం అంజన్ వేషం మార్చి వేసుకున్న జడ్జీల తెల్లకోటు చూడగానే బాలమల్లు భగ్గుమన్నాడు.

"నువ్వు గూడ గా మేడం మనిషివే గదా? పో, పుస్తకం సదువుకో పో!"

"నోరు తగ్గించు. ఏమైంది?"

"ఇరవై రోజుల కింద నా చేతులకెల్లి కారు గుంజుకున్నరు. ఒరిజినల్ చేస్తరంట! లేకుంటే పోటీకే రానియ్యనన్నదంట గా ఉజ్వల మేడం. ఆరు వోల్టులయి రెండు పెట్టించిందంట. గీడ గా సైజుది ఏడ దొరుకుతది? నేను పన్నెండు వోల్టులది ఒక్కటే పెట్టి నడిపిన. రెండో బ్యాటరీ గూడు తుప్పు పట్టిపోతే కోసేసి రేకు వెల్డింగ్ చేసిన."

"గూడు ఉంది. నిన్న నేనే చూసిన."

"అయితె ఎవడో కొత్తగ చేసిండు. దేనికో నాకేం ఎరుక!"

అంజన్‌కు ఎరుకైంది. తాను కారును పుస్తకంతో పోల్చి సంతోషించాడు. అలా పోల్చేవాళ్ల కోసమే వాళ్లు పుస్తకం చూసి రెండో బ్యాటరీ తయారు చేశారు. ట్యాంకు సంగతి చెప్పి కళ్లకు గంతలు కట్టింది ఉజ్వలే.

అంజన్ బాలమల్లు చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. ఉజ్వల పెట్టిన నియమం ప్రకారం కార్లన్నీ తోసుకొచ్చి వరుసలో నిలిపారు. జెండా ఊపాకే స్టార్ట్ చేయాలి. జెండా లేచింది. శేషారత్నం వేళ్లు తాళంచెవి మీద ఉన్నాయి. అంజన్ ఆ తాళంచెవిని స్విచ్‌లోంచి లాగేశాడు.

"ఏయ్! ఎవడ్రా నువ్వు?" ఆమె అంజన్ చెంప మీద కొట్టింది.

"తర్వాత ఇంకోటి కొట్టండి మేడం. ముందు దిగండి."

బాలమల్లు సీట్ల వెనక ప్యానెల్ లేపాడు. రెండు నల్లటి బ్యాటరీలు. పక్కనున్న పాత స్కూటర్ నుంచి ఆరు వోల్టుల బల్బు పీకి, మొదటి బ్యాటరీకి వైరుతో తాకించాడు. బల్బు భగ్గున వెలిగి ఠప్పుమని మాడిపోయింది.

"ఇదొక్కటే పన్నెండు ఇస్తాంది. మరి గిదేంది?" నీళ్లు చూసే అలవాటుతో రెండోదాని మూత విప్పాడు. లోపల యాసిడ్ లేదు. ఎర్రటి అంకెలున్నాయి. 40. 39.

అంజన్ తలెత్తాడు. ఉజ్వల చేతిలో ఫోన్ ఉంది. కారు స్టార్ట్ కాకపోయేసరికి దాంతోనే టైమర్ నడిపించింది. గేటు వైపు వెనక్కి అడుగులు వేస్తోంది. తను తప్పించుకోవడానికి సరిపడా సెకన్లే పెట్టుకుంది.

"అందర్నీ దూరం తీస్కపో!" అని బాలమల్లుకు అరిచి అంజన్ ఆమె మీదికి దూకాడు. ఈడ్చుకొచ్చి కారు స్టీరింగ్‌కు బేడీ వేశాడు. బేడీ తాళంచెవి గుంపులోకి విసిరేశాడు. పక్క సీట్లో కూర్చున్నాడు.

"పదమూడు," అన్నాడు.

"పిచ్చోడా! నువ్వు గూడ సస్తవ్!"

"ఔ. తొమ్మిది."

పరాయి ప్రాణానికి రేటు కట్టడం తేలిక. తనదానికి వచ్చేసరికి ఉజ్వల బేరమాడలేదు.

"నడిమి మూత! ఎడమకు తిప్పు! రెండు చుట్లు! లోపలి పిన్ను గుంజు!"

అంజన్ తిప్పాడు. గుంజాడు. అంకెలు 02 దగ్గర ఆగిపోయాయి.

పోటీ మధ్యాహ్నం జరిగింది. బాలమల్లు తన పన్నెండు వోల్టుల బ్యాటరీ బిగించి కారు నడిపించాడు. ఒరిజినల్ కాదని కొత్త జడ్జీలు ఐదు మార్కులు కోశారు. శేషారత్నం నాలుగో స్థానానికి జారింది.

"నీ బ్యాటరీ వల్లనే కప్పు పోయింది," అని అతని మీద కసిరింది.

బాలమల్లు చేతులు తుడుచుకున్నాడు.

"ఒరిజినల్ది పోలీసుల తాన్నే ఉంది మేడం. తెచ్చి పెట్టమంటరా?"