బుజ్జినాన్న ఆఖరి వోచర్

అతను పరిగెడుతున్నాడు!

వెనకే ఆమె.

చీకటి సందు. గుంటల్లో వాన నీళ్లు మోకాళ్లదాకా చిమ్ముతున్నాయి.

"ఆగు! ఆగమంటుంటే!"

ఆగడం లేదు...

ఆమెది కూపన్లు, వోచర్లు కొని అమ్ముకునే ఒక యాప్‌లో ఉద్యోగం. దొంగ అమ్మకందార్లను పట్టుకోవాలి. కొంతకాలంగా కన్నేసిన అకౌంట్ ఇది. పేరు 'బుజ్జినాన్న'. అమ్మేది ఖరీదైన ఇంజెక్షన్ మీద డిస్కౌంట్ వోచర్లు. మందుల కంపెనీ రోగి పేరు మీద ఇచ్చేవి. ఇంకొకరికి అమ్మకూడదు. అది రూల్.

పైగా మరీ కారుచౌక! దొంగసొమ్ము కాకపోతే అంత తక్కువకి ఎవడిస్తాడు?

"మా పాపకి కావాలన్నయ్యా" అని సాయంత్రం మెసేజ్ పెట్టింది. ఆమెకింకా పెళ్లే కాలేదు. అతను నమ్మి వచ్చాడు. ఆమె ఐడీ కార్డు తీయగానే పరుగు లంకించుకున్నాడు.

చెవిలో ఇయర్‌ఫోన్, అందులో బాస్ గొంతు. "వదలకమ్మా! మందుల కంపెనీ మనిషి నా పక్కనే ఉన్నాడు. గ్యాంగ్ మొత్తం దొరకాలి."

మలుపు. మెట్లు. అతని చెప్పు తెగింది... పడ్డాడు!

కాలర్ పట్టేసింది.

"ఏం బాబాయ్, అయిపోయిందా పరుగు?"

నెరిసిన గడ్డం. మోకాలు చీరుకుపోయి రక్తం. గుప్పిట్లో వోచర్ మాత్రం నలగలేదు.

"పారిపోవట్లేదు తల్లీ... అదిగో, ఆ మందుల షాపు దగ్గర ఒకావిడ ఉంది. నీ మెసేజే ముందొచ్చిందని ఆవిడకి లేదనేశా. నీది అబద్ధమని తెలిశాక... షాపు మూసేలోపు ఆవిడకైనా ఇద్దామని..."

"ఎవరి పేరు మీదది ఇది?"

"మా బుజ్జిది."

"బుజ్జి ఎక్కడ?"

అతను మోకాలి రక్తం తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"పోయిందమ్మా. వోచర్లు మిగిలిపోయాయి. ఇదే ఆఖరిది."

"ఊరికే ఇవ్వొచ్చుగా! అమ్మడమెందుకు?"

"ఇద్దామనే చూశా. ధర వెయ్యకపోతే మీ యాప్ ముందుకి కదలదు. అందులో అన్నిటికంటే తక్కువేదో అదే నొక్కా."

ఆమె చెయ్యి కాలర్ మీంచి జారిపోయింది.

"పద బాబాయ్. తొందరగా!"

షాపు షటర్ సగం దిగి ఉంది. కౌంటర్ ముందు ఒక తల్లి. భుజం మీద పాప. ప్రతి ఊపిరికీ ఆ చిన్న వీపు ఎగిరెగిరి పడుతోంది.

వోచర్ చేతులు మారింది. సేల్స్‌మన్ నంబర్ కొడుతున్నాడు.

ఆమె పక్కకి తిరిగింది. "సార్... మనిషి తప్పించుకున్నాడు."

చెవిలో మళ్లీ బాస్ గొంతు.

"నీ మైక్ ఆన్‌లోనే ఉందమ్మా. అంతా విన్నాం. పాపమే... కానీ రూల్ రూలే కదా. ఆ బుజ్జి పోయిందని ఈ కంపెనీ ఆయన ఇప్పుడే సిస్టంలో ఎక్కించేశాడు."

"సార్! ఒక్క నిమిషం..."

కీచుమంది మెషిన్!

సేల్స్‌మన్ తలెత్తాడు. "చెల్లదమ్మా. పేషెంట్ చనిపోయినట్టు చూపిస్తోంది."

తల్లి పాపని భుజం మీంచి లాగి, రెండు చేతులతో కౌంటర్ మీదకి ఎత్తి పట్టుకుంది.

"లేదండీ! బతికే ఉంది! చూడండి... ఊపిరి తీస్తోంది, చూడండి!"