కుడివైపు జేబు

"ఇది దుప్పటా, పరదానా, లేకపోతే ఎక్కడైనా లేపుకొచ్చిందా?"

టైలరు పిల్ల ఆ కుర్రాణ్ణి అడిగిన మొదటి మాట అది. పాపం, అతను కొట్టు గుమ్మంలో నిలువునా తడిసి ముద్దయ్యాడు. భుజం మీదున్న పెద్ద తెల్లగుడ్డ మూటకి మాత్రం టార్పాలిన్ పట్టా చుట్టి చుక్క నీరు తగలనివ్వలేదు. అదే ఆమెకి అనుమానం తెప్పించింది. తను తడుస్తూ గుడ్డని కాపాడుకునే మగవాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు.

"సినిమా తెర అండీ. అంచు చిరిగింది, కుట్టిపెడతారేమోనని వచ్చాను."

"సినిమా తెరకి ఈ ఊళ్ళో పనేంటి?"

"పని నాదండీ. హాళ్ళు లేని ఊళ్ళకి వ్యానేసుకుని తిరుగుతాను. ఊరి ఇళ్ళల్లో ఎక్కడైనా పాత రీళ్ళుంటే శుభ్రం చేసి ముందు అవి వేస్తాను, తర్వాత సినిమా. రేపు సాయంత్రం మీ కమ్యూనిటీ హాల్లోనే షో."

పాత రీళ్ళు అనగానే కుట్టుమిషను ఆగింది.

ఎందుకు ఆగదు మరి! ఆరేళ్ళ కిందట ఇలాగే ఒక పెద్దమనిషి సంచి తగిలించుకుని దిగాడు. ఊరి చరిత్ర పుస్తకం వేస్తానని ఇరవై ఇళ్ళల్లో పాత ఫొటోలు పోగేసుకుని, పొద్దున్నే బస్సెక్కి మాయమయ్యాడు. పుస్తకమూ రాలేదు, ఫొటోలూ రాలేదు. వాటిలో ఆమె తండ్రివి నాలుగున్నాయి. ఆమెకి మూడేళ్ళప్పుడు పోయిన మనిషి ఆయన. ఇప్పుడు మిగిలింది ఒక గుర్తింపు కార్డు మీది బొటనవేలంత ఫొటో, బీరువా మీద ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో కొట్టు తెరిచిన కొత్తల్లో ఎవరో స్టూడియో ఆయన తీసిన రీలుంది. దాన్ని ఆడించే మిషను ఊళ్ళో లేదు. తండ్రి కదులుతుంటే ఎలా ఉంటాడో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"మా ఊళ్ళో పాత రీళ్ళేం లేవు," అంది ఠక్కున.

"ఎందుకు లేవు?" అంటూ వాళ్ళమ్మ లోపలి గదిలోంచి డబ్బా పట్టుకుని రానే వచ్చింది. "బాబూ, ఇది ఆడుతుందేమో చూడు నాయనా."

"అమ్మా!"

కుర్రాడు డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూశాడు.

"అదేమన్నా అత్తరు సీసానా?"

"రీలు చెడిపోతే పుల్లటి వాసనొస్తుందండీ. ఇది శుభ్రంగా ఉంది." అతని మొహం వెలిగిపోయింది. "చాలా బాగా దాచారమ్మా!"

ఆ మాటకి తల్లి కరిగిపోయింది. కూతురు ఇంకా బిగుసుకుంది. తియ్యటి మాటలు ఆరేళ్ళ కిందటాయనకీ బాగానే వచ్చు.

"రసీదు రాయండి," అంది. "వ్యాను నంబరు, రేపు సాయంత్రానికి డబ్బా తిరిగిస్తానన్న మాట, సంతకం. కింద మీ అమ్మగారి ఫోన్ నంబరు."

"మా అమ్మదెందుకండీ?"

"సొంత నంబరు ఎవరైనా దొంగది ఇస్తారు. అమ్మది ఇవ్వరు."

ఇవ్వడమే తరువాయి, అక్కడే ఫోన్ కొట్టేసింది. అవతల్నించి ఒక పెద్దావిడ, "మావాడేనమ్మా, వ్యాను పిచ్చోడు. అన్నం తిన్నాడా?" అనడిగింది.

"నాకేం తెలుసండీ!" అని టపీమని పెట్టేసింది. కుర్రాడు నవ్వు ఆపుకుంటూ వాన వంక చూశాడు. టైలరు పిల్ల తల్లి మాత్రం ఆపుకోలేదు.

ఊళ్ళో ఆమెకి ఇన్‌స్పెక్టరని పేరు. పెట్టింది కమ్యూనిటీ హాలు తాళాలు చూసుకునే మేనమామే. పాలలో నీళ్ళు, గుడ్డలో గజాలు, మనుషుల్లో అబద్ధాలు, దేన్నీ ఊరికే నమ్మదు. ఆ సాయంత్రం తెర అంచు కుట్టి తనే హాలుకి మోసుకెళ్ళింది. గుడ్డ ఇవ్వడానికని చెప్పింది గానీ, అసలు సంగతి కాపలా.

అతను బల్ల మీద దీపం పెట్టుకుని రీలుని కొంచెం కొంచెంగా విప్పుతూ మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. అంచులు మాత్రమే వేళ్ళకి తగిలేలా పట్టుకున్నాడు. పట్టుగుడ్డని తనూ సరిగ్గా అలాగే పట్టుకుంటుంది. ఆ సంగతి గమనించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"అలా గుడ్లప్పగించి చూస్తే నా చేతులు వణుకుతాయండీ."

"తప్పు చెయ్యనివాడికి చేతులెందుకు వణుకుతాయి?"

"ఎదురుగా మీరు కూర్చుంటే, తప్పు చెయ్యకపోయినా వణికేలా ఉన్నాయి."

ఆమె పట్టించుకోనట్టే మొహం పెట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంతలో కొట్టు దగ్గరికి ఎవరో వచ్చారని కబురొచ్చి లేవక తప్పలేదు. డబ్బా అతని దగ్గరే ఉండిపోయింది. వ్యానులో అలాంటివి వరసగా పేర్చి ఉండటం పోతూ పోతూ చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి తీసి ఒకటి పెడితే ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ముందుగా ఒకసారి వేసి చూద్దామన్నాడు. అమ్మ సాయంత్రం అందరితో కలిసే చూస్తానంది. మేనకోడలూ మేనమామా వెళ్ళారు. కిటికీలు మూశారు. మిషను గరగరలాడింది. ఆమె కుట్టిన తెర మీద మసక మసకగా ఒక కొట్టు కనిపించింది. బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరిస్తున్న ఒక మనిషి, చుట్టూ నలుగురైదుగురు.

ఆమె తెర వైపు రెండడుగులు వేసింది. ఇరవై నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మనిషి.

ఆ మనిషి కుడిచేత్తో కత్తిరిస్తున్నాడు.

"ఆపండి!"

మిషను ఆగింది. మేనమామ కంగారుగా, "ఏమైందే?" అన్నాడు.

"ఈయన మా నాన్న కాదు మావయ్యా. నాన్నది ఎడమచేతి వాటం. ఆయన కత్తెరతోనే నేనూ కత్తిరిస్తున్నాను, ఎడమచేత్తో పట్టుకుంటే తప్ప తెగదు. పైగా ఫొటోలో పాపిట ఇటుంది, ఈయనకి అటుంది. మా కొట్టు కిటికీ తలుపుకి ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. ఇది మా కొట్టే కాదు!" కుర్రాడి వైపు తిరిగింది. "మా రీలేదీ?"

"ఇదేనండీ మీ రీలు. మీ డబ్బాలోదే."

"డబ్బా మాదే. లోపలిది ఎవరిదో! ఎవరికమ్మారు? ఏ ఊళ్ళో మర్చిపోయారు?"

మేనమామకి బీపీ పెరిగిపోయింది. "ఏమయ్యా, ఆడవాళ్ళని ఏడిపించడానికొచ్చావా? వ్యాను తాళాలిలా పెట్టు. రీలు తేలేదాకా షో లేదు, నువ్వు కదిలేదీ లేదు."

వాదిస్తాడనుకుంది. దబాయిస్తాడనుకుంది. అతను జేబులోంచి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు, అంతే.

"ప్రతి డబ్బా మీరే తీసి చూసుకోండి. అంచులు పట్టుకోండి చాలు, మధ్యలో వేళ్ళు పడితే మరకలవుతాయి."

నలభై మూడు డబ్బాలు చూసింది. ఒక్కోదాంట్లో రీలు చివర దీపానికి పెట్టి చూసింది. ఎవరివో పొలాలు, ఎవరివో పడవలు, ఎవరి పిల్లలో. వాళ్ళ కొట్టు ఎక్కడా లేదు. ప్రతి డబ్బా మీద ఇంటివాళ్ళ పేరుంది, అడిగి తీసుకున్న తేదీ ఉంది, కాపీ తీసుకుని అసలు రీలు తిరిగిచ్చిన తేదీ ఉంది. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. మరీ పద్ధతిగా ఉన్నాయనిపించింది ఇన్‌స్పెక్టరుకి.

కుర్రాడు హాలు మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె దాటిపోతుంటే తలెత్తకుండానే అన్నాడు.

"ఆరేళ్ళ కిందట వచ్చినవాణ్ణి నేను కాదండీ. మీ అమ్మగారు చెప్పారు. వాడు చేసిన పనికి నాకూ బాధగానే ఉంది. కానీ నేను వాణ్ణి కాదు."

ఆ మాట కలుక్కుమంది. అయినా ఆగకుండా కొట్టుకొచ్చేసింది. ఏడుపొస్తే పని చెయ్యడం ఆమెకి అలవాటు. సగంలో ఆగిన మగవాళ్ళ చొక్కా ముందేసుకుంది. జేబు ముక్క తీసి, ఎడమ రొమ్ము మీద పెట్టి, గుండుసూది గుచ్చింది.

గుచ్చిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

జేబు.

ఆ బొమ్మలో బల్ల చుట్టూ నిలబడ్డ మగవాళ్ళకి జేబులు ఎటున్నాయి? కళ్ళు మూసుకుంది. నలుగురికీ కుడివైపే! మనుషుల మొహాలు మర్చిపోతుందేమో గానీ బట్టలు మర్చిపోదు. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ళ జాకెట్టుకి వేసినట్టు తిరగబడి ఉంది. ఒక టైలరు ఒక చొక్కాకి పొరపాటు చేస్తాడు. నలుగురి చొక్కాలకీ కుడివైపు జేబు పెట్టే టైలరు ఈ భూమ్మీద పుట్టలేదు.

మెల్లగా నాన్న కత్తెర ఎడమచేత్తో తీసుకుంది. ట్రయల్ గది అద్దం ముందుకెళ్ళి నిలబడి గాలిలో కత్తిరించింది. అద్దంలో పిల్ల కుడిచేత్తో కత్తిరిస్తోంది. అద్దంలో కిటికీ తలుపుకి కుడివైపున్నది.

"ఓసి నా మొద్దు బుర్రా!"

వానలోకి అలాగే పరిగెత్తింది. గొడుగూ లేదు, చెప్పులూ లేవు.

హాల్లో అతను తెర మడుస్తున్నాడు.

"మడవకండి! మడిచారంటే చంపేస్తాను!"

"ఇంకా ఏం మిగిలిందండీ? నా జేబులు వెతుకుతారా?"

"జేబులే! జేబులే అసలు సంగతి!" రొప్పుతూ చెప్పింది. జేబులు, గుండీలు, అద్దం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "బొమ్మ తిరగబడింది. మీరు రీలు తిరగేసి ఎక్కించారు!"

అతను రీలు చివర దీపం కింద పెట్టి, ఒకవైపూ రెండోవైపూ వేలి కొసతో తడిమాడు. తర్వాత టపీమని నుదురు కొట్టుకున్నాడు.

"రెండువైపులా చిల్లులున్న పాత రకమండీ ఇది, ఎటు తిప్పినా మిషనెక్కేస్తుంది. ఒకవైపు మసకగా, ఒకవైపు నున్నగా ఉంటుంది. నేను ఎక్కువగా ఆడించేవి కాపీలే, చెయ్యి ఆ అలవాటులో ఎక్కించేసింది. ఇది కాపీ కాదు. కెమెరాలో తిరిగిన అసలు రీలు, దీనికి వైపు తారుమారుగా ఉంటుంది. స్టూడియో ఆయన అసలుదే మీకిచ్చేశాడు." తలెత్తి చూశాడు. "తప్పు నాదేనండీ."

"తప్పు మీదే. దొంగతనం మాత్రం కాదు." గొంతు తగ్గింది. "ఆ మాటన్నది నేను. తప్పు నాది కూడా."

"అయితే ఇద్దరం దొంగలమే. తాళాలిస్తారా?"

ఇచ్చింది. ఈసారి ఇద్దరూ నవ్వారు.

సాయంత్రం ఆరున్నరకి హాలు నిండిపోయింది. మేనమామ గొంతు సవరించుకుని, జరిగినదాంట్లో తన తప్పేమీ లేదని సభకి విన్నవించుకున్నాడు. అమ్మ మొదటి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీపాలు ఆరాయి.

కొట్టు వచ్చింది. కిటికీ ఎడమవైపుకి చేరింది. చొక్కా జేబులు వాటి చోటికి అవి వెళ్ళాయి. బల్ల మీదికి వంగిన మనిషి ఎడమచేత్తో సర్రున గుడ్డ కత్తిరించి తలెత్తాడు.

"ఆయనే," అంది అమ్మ. గట్టిగా అనలేదు గానీ హాలంతా వినిపించింది. "అట్లాగే నవ్వేవారు."

మధ్యాహ్నం తను ఆపమన్న చోటు దాటిపోయింది. ఆ తర్వాతేముందో ఆమెకి తెలియదు.

నాన్న వంగి కిందనుంచి ఒక పిల్లని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాడు. రెండున్నరేళ్ళుంటాయేమో, జుట్టంతా చింపిరి. ఆ పిల్ల కుడిచెయ్యి చాపితే మెల్లగా పక్కకి నెట్టి, ఎడమచేతి వేళ్ళు కత్తెర పిడుల్లో దూర్చి, పైన తన చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక చిన్న ముక్క కత్తిరించారు. పిల్ల ఆ ముక్క పైకెత్తి ఊరంతటికీ చూపించింది.

వేరే కత్తెర లేక, తనంతట తనే ఎడమచేత్తో నేర్చుకున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. కాదు, నేర్పించాడు. చెయ్యి పట్టుకుని మరీ నేర్పించి వెళ్ళాడు. హాల్లో అందరూ చూస్తున్నారన్న సంగతి మర్చిపోయి ఇన్‌స్పెక్టరు వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆమె ఎడమచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

షో అయ్యాక జనం ఒక పట్టాన కదల్లేదు. అతను డబ్బా, రసీదు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రేపు సాయంత్రానికని రాశాను, ఇదిగోండి. ముట్టినట్టు సంతకం పెడితే పొద్దున్నే బయల్దేరతాను."

ఆమె రసీదు తీసుకుని చాలాసేపు రాసింది. అతను చదువుకున్నాడు: 'డబ్బా అందింది. తెచ్చిన మనిషి మీద అనుమానం తీరలేదు. మళ్ళీ హాజరు కావాలి.'

"ఇంకా అనుమానమేనా?"

"అనుమానమే." కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ వస్తారా రారా అని."

అతను రసీదు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. అవతల ఆ పెద్దావిడే. "మావాడు ఫోన్ ఎత్తట్లేదమ్మా. అన్నం తిన్నాడా?"

"ఇంకా లేదండీ," అంది టైలరు పిల్ల. "మా ఇంట్లో తింటాడు."

అమ్మ అటు తిరిగి నవ్వుకుంటూ, "చొక్కా అంతా మరకలే ఆ అబ్బాయికి. కొలతలు తీసుకోవే, కొత్తది కుట్టుదువుగాని," అంది.

మెళ్ళో టేపు ఎప్పుడూ ఉండేదే. అతని భుజాల మీద పెట్టి కొలుస్తుంటే ఈసారి ఆమె చేతులు వణికాయి. కప్పిపుచ్చుకోవడానికి, "జేబు ఎటువైపు పెట్టమంటారు?" అనడిగింది.

"మీ ఇష్టం అండీ. నేను ఎటు తిప్పినా ఇదే మనిషిని."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఎడమవైపు, గుండె మీద, సుద్దతో చిన్న గీత గీసింది.