పోగు తెగితే అరవకూడదు

శుక్రవారం ఆఖరి పీరియడ్ సగం గడిచింది. ఏడో తరగతి గదిలో సంజీవరావు మాస్టారి బిస్కెట్ల డబ్బా ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి ప్రయాణం చేస్తోంది.

ఆ డబ్బాలో బిస్కెట్లు ఉండవు, అట్టముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్క మీద ఒక్కో మామూలు ఇంగ్లీషు మాట. టీ, రెయిన్, హెయిర్, మిస్టేక్, ఇలాంటివి. ఎవరి చేతికి ఏ ముక్క వస్తే వాళ్ళు లేచి ఆ మాట గురించి మూడు వాక్యాలు చెప్పాలి.

"ప్రతి మాటకీ చుట్టాలుంటారర్రా. మనం ఎవర్ని పడితే వాళ్ళని పిలిస్తే ఊరుకోదు. దానికి కావలసినవాళ్ళనే రానిస్తుంది," అనేవారు మాస్టారు.

మనం పళ్ళు తోముతాం, గిన్నెలు తోముతాం. తల మాత్రం తోమం, దువ్వుతాం. ఇంగ్లీషుకీ అలాంటి పట్టింపులే ఉన్నాయని ఆయన చెప్పేవారు. మన చిక్కటి టీ వాళ్ళకి స్ట్రాంగ్ టీ, అంటే బలమైన టీ. మన పెద్ద వాన వాళ్ళకి హెవీ రెయిన్, అంటే బరువైన వాన. మనం తప్పు చేస్తే, వాళ్ళు తప్పుని తయారు చేస్తారు. అక్కడ డూ అనకూడదు, మేక్ అనాలి. ఎందుకండీ అని అడిగితే, చుట్టరికాలకి కారణాలు అడక్కూడదని నవ్వేసేవారు.

ఈ చుట్టాలందరూ శివపార్వతికి కంఠతా వచ్చు. మొదటి బెంచీలో కూర్చుని, అడగకముందే జవాబు చెప్పేది. ఆ పిల్లకి రాని విద్య ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం.

ఆ రోజు రెయిన్ అన్న ముక్క మార్తకి వచ్చింది. మార్త వాళ్ళు ఉయ్యూరు నుంచి వచ్చి పదిహేను రోజులే అయింది. వాళ్ళ నాన్న ఆమోసు ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. కొత్త బడిలో మార్త నలుగురి ముందూ నోరు విప్పడం అదే మొదలు.

"ఎస్టర్‌డే... బిగ్ రెయిన్ కేమ్," అంది మార్త, ఓణీ కొస నలుపుతూ.

"బిగ్ కాదు, హెవీ," అని అరిచింది పార్వతి. అంతటితో ఆగినా బాగుండేది. వెనక్కి తిరిగి, "బిగ్ రెయినంట," అని పకపకా నవ్వింది. దాంతో క్లాసంతా నవ్వింది.

మాస్టారు బల్ల మీద కొట్టి అందరినీ కేకలేశారు. మిగతా రెండు వాక్యాలూ చెప్పమ్మా అని మార్తని బుజ్జగించారు. మార్త తల వంచుకుని కూర్చుండిపోయింది. ఆ రెండు వాక్యాలూ గొంతులోనే ఉండిపోయాయి.

సోమవారానికల్లా మార్తకి ఇంకో పేరు వచ్చేసింది. ఆ పిల్ల గేటు దగ్గర కనపడగానే క్లాసులోని బసవయ్య, "గొడుగులు తియ్యండర్రా, బిగ్ రెయిన్ వస్తంది," అనేవాడు. రెండు రోజులు మార్త ఎవరితోనూ మాట్లాడలేదు. బుధవారం బడికే రాలేదు. గురువారమూ రాలేదు.

తప్పుని తప్పన్నాను, అందులో నేను చేసిందేముంది అని పార్వతి తనకి తాను సర్దిచెప్పుకుంది. అయినా ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు చూడటం మానలేకపోయింది.

గురువారం సాయంత్రం పార్వతి పటమటలో తమ ఇంటికి వచ్చేసరికి నాన్న వెంకటప్పయ్య మగ్గం మీద ఉన్నాడు. కాళ్ళు మగ్గం గుంటలో, చూపు పడుగు దారాల మీద. పక్కన ట్రాన్సిస్టర్ దాని మానాన అది పాడుకుంటోంది. చేతికింద అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది.

ఆరేళ్ళ చెల్లెలు చౌడేశ్వరి మగ్గానికి అవతల నిలబడి చూస్తోంది. పడుగులో ఒక పోగు తెగి వేలాడటం దాని కంట పడింది.

"నాన్న తెంపేశాడు, నాన్న పోగు తెంపేశాడు," అని అది చప్పట్లు కొడుతూ అరిచింది.

వెంకటప్పయ్య ఉలిక్కిపడ్డాడు. కాలు తడబడింది. నాడె సగం దారిలో ఇరుక్కుంది, దాని మీద నేత బిగించే పలక దెబ్బ పడింది. తెగిన ఒక్క పోగుకి తోడు మరో ఇరవై తెగాయి. ట్రాన్సిస్టర్ కట్టేసి, తెగిన కొసల్ని ఒక్కొక్కటే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

పార్వతికి ఒళ్ళు మండింది. చెల్లెల్ని రెక్క పట్టుకుని పక్కకి లాగింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పోగు తెగితే అరవకూడదు. ఎవరు చూస్తే వాళ్ళే దగ్గరికెళ్ళి అతకాలి. చేతకాకపోతే చిన్నగా చెప్పాలి. అరిస్తే..."

ఆ ఇంట్లో మాటలు రాని పసివాళ్ళకి తప్ప అందరికీ తెలిసిన పద్ధతే అది. కానీ మాట మధ్యలో పార్వతి ఆగిపోయింది. వేలాడుతున్న ఇరవై పోగులనీ చూసింది. క్లాసులో ఖాళీగా ఉన్న మార్త చోటు కళ్ళ ముందుకొచ్చింది. తను క్లాసులో చేసిందీ ఇదే కదా అని సిగ్గుపడింది.

నాన్న పక్కన కూర్చుని చివరి పోగు దాకా కొసలు అందించింది. తర్వాత నాన్ననడిగి, పొద్దు వాలకముందే ఆటోనగర్ వెళ్ళింది.

షెడ్డు వెనక రేకుల గది దగ్గర మార్త అమ్మ సంపూర్ణమ్మ బియ్యం చెరుగుతోంది. మార్త కోసం వచ్చిందని తెలిసి చేట పక్కన పెట్టింది. ఆదివారం చర్చి నుంచి రాగానే పిల్లని ఉయ్యూరులో వాళ్ళ మామ్మ ఆదెమ్మ దగ్గరికి పంపించేస్తున్నామని చెప్పింది.

"చదువొద్దంటందమ్మా. ఎందుకే అంటే చెప్పదు. అక్కడుంటే మామ్మతో చెరుకు కూలికన్నా పోతదిగా," అంది.

ఒక్క నవ్వుకి ఇంత అవుతుందని పార్వతి అనుకోలేదు. తను నవ్విన సంగతి, క్లాసంతా నవ్విన సంగతి, పేరు పెట్టిన సంగతి అన్నీ చెప్పేసింది. ఇంట్లో తెగిన పోగుల సంగతీ, తమ ఇంటి పద్ధతీ కూడా దాచకుండా చెప్పింది. తలుపు వెనక మార్త ఉందని పార్వతికి తెలుస్తూనే ఉంది, ఆ పిల్ల కాళ్ళు కనపడుతున్నాయి.

సంపూర్ణమ్మ కోప్పడలేదు. ఒక్కటే అడిగింది.

"నలుగుర్లో నవ్వి, నాకొక్కదానికి చెబితే ఎట్టాగమ్మా?"

పార్వతి తలుపు వైపు తిరిగింది. "రేపొక్కరోజు రా మార్తా. నలుగుర్లోనే చెబుతాను," అంది.

శుక్రవారం మార్త వచ్చింది. ఎవరివైపూ చూడకుండా ఆఖరి బెంచీలో కూర్చుంది.

ఆఖరి పీరియడ్‌లో డబ్బా మొదటి బెంచీకి రాగానే పార్వతి ముక్క తియ్యకుండానే లేచింది. సొంతంగా మూడు వాక్యాలు చెబుతానండీ అని మాస్టారిని అడిగింది. పొద్దుటి నుంచీ ఆ వాక్యాలు వందసార్లు అనుకుంది. తీరా నలుగురి ముందూ నిలబడేసరికి నోరెండిపోయింది.

"లాస్ట్ ఫ్రైడే... ఐ డిడ్ ఎ మిస్టేక్."

"డిడ్ అంట," అన్నాడు బసవయ్య. క్లాసంతా గొల్లుమంది.

తనకి బాగా తెలిసిన మాటే. అయినా రాలేదు. తర్వాతి వాక్యం ఏమిటో కూడా గుర్తు లేదు. గొంతులో మాట ఇరుక్కుంటే ఎలా ఉంటుందో పార్వతికి అప్పుడు తెలిసింది.

వెనక బెంచీ కదిలిన చప్పుడయింది. మార్త లేచి, బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి, పార్వతి పక్కన నిలబడింది. ఆమెకొక్కదానికే వినపడేట్టు, "మేడ్," అంది.

పార్వతి ఊపిరి పీల్చుకుని, మేడ్ అంటూ ఆ వాక్యం మళ్ళీ చెప్పింది. మార్తని చూసి నవ్వినందుకు సారీ అని మిగతా రెండూ చెప్పింది. ఎవరికైనా అర్థం కాలేదేమోనని మొత్తం తెలుగులోనూ చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మార్త తన చోటుకి వెళ్ళలేదు. మాస్టారి వైపు చూసి, "నావి రెండు వాక్యాలు మిగిలిపోయినయ్యండీ," అంది.

చెప్పమ్మా అన్నారు మాస్టారు. మార్త వాన గురించి మిగిలిన రెండు వాక్యాలూ చెప్పింది. గొంతు వణికింది గాని ఆగలేదు. వెనక్కి వెళ్తూ, ఆదివారం ఉయ్యూరు వెళ్ళనని అమ్మతో చెబుతానని పార్వతి చెవిలో చెప్పింది.

తర్వాత డబ్బా బసవయ్య దగ్గరికి వెళ్ళింది. వాడికి టీ వచ్చింది.

"మై ఫాదర్ డ్రింక్స్..." అన్నాడు బసవయ్య. అక్కడితో బండి ఆగిపోయింది. చిక్కటి టీని ఏమంటారో గుర్తు రాక బుర్ర గోక్కున్నాడు, పైకప్పు చూశాడు. అక్కడక్కడా కిసుక్కుమన్నారు.

పార్వతి నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. అలవాటు కొద్దీ నోరు తెరుచుకోబోయింది.

నోరు మూసుకుంది. లేచి, బసవయ్య బెంచీ దాకా నడిచి వెళ్ళింది.