పన్నెండింటికి వచ్చిన ఆటో

పొద్దున ఏడు కాకముందే ఎండ వాకిట్లోకి వచ్చేసింది. చెంచమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ఇంటి మధ్యలో కట్టిన రేకుల అడ్డానికి అవతల పెద్దకోడలు శివపార్వతి ఎడమచేత్తో బియ్యం కడుగుతోంది. కుడిచేతి మణికట్టు ఎముక వంకరగా అతుక్కుంది. రెండు వేళ్లు ముడుచుకోవు.

ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆమె మరిది కాటమరాజే.

ఎనిమిది నెలల కిందట కాటమరాజు భార్య తిరుపతమ్మను కందిచేలో రక్తపింజరి కాటేసింది. వాళ్ల ఊరు పుల్లలచెరువు దాటి, నల్లమల అంచున ఉంటుంది. ఐదు మైళ్ల దూరంలో చిన్న ఆసుపత్రి. అక్కడ శివపార్వతే నర్సు. ఉన్న రెండు సీసాల విషం విరుగుడు మందూ తోడికోడలికి ఎక్కించి, మార్కాపురం తీసుకెళ్లమని పంపింది. దారిలోనే తిరుపతమ్మ ప్రాణం పోయింది. తల్లితో కలిసి శవాన్ని తీసుకుని ఆసుపత్రికి తిరిగొచ్చిన కాటమరాజు వదినను జడపట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. సెలైన్ స్టాండు పెరికి కొట్టాడు. అడ్డం పెట్టుకున్న చెయ్యి విరిగినా ఆపలేదు. నలుగురు వచ్చి లాగితే గానీ వదల్లేదు.

డాక్టరు కేసు పెట్టాడు. కాటమరాజు నలభై రోజులు జైల్లో ఉండి వచ్చాడు. మళ్లీ ఆసుపత్రి గేటు దాటితే పోలీసులను పిలుస్తామని చెప్పారు. ఇంటికొచ్చిన రోజే రేకులు తెచ్చి అడ్డం కట్టాడు. అప్పటినుంచి వదినతో మాట లేదు, ట్రాక్టరు తోలే అన్న సురేష్‌తోనూ మాట లేదు.

ఆ పొద్దున అతను గొర్రెలను దొడ్లోంచి వదలబోతుండగా ఒకామె వాకిట్లోకి వచ్చింది. భుజాన సంచి, చేతిలో ట్యాబు.

"తిరుపతమ్మ గారి ఇల్లు ఇదేనా అన్నా? నా పేరు భారతి. మాది దొనకొండ. మెడికల్ కాలేజీ వాళ్ల పరిశోధనలో పనిచేస్తున్నా. పాముకాటుతో చనిపోయినోళ్ల ఇళ్లకు వెళ్లి అడుగుతున్నాం. టౌన్లో వాళ్లకి మందు ఎంతసేపట్లో అందింది, ఇట్లాంటి ఊళ్లల్లో ఎంతసేపట్లో అందింది అని."

కాటమరాజు గొడ్డలిని దొడ్డి కంచెకు ఆనించి మంచం వాల్చాడు. "కూర్చో అక్కా. ఇన్నాళ్లకు ఒకరొచ్చినారు అడిగేదానికి. రాసుకో. మా ఇంట్లోనే ఉంది నా పెండ్లాన్ని చంపింది."

రేకుల అవతల బియ్యం కడిగే చప్పుడు ఆగింది.

"ముందు టైములు చెప్పన్నా. పాము కరిచింది ఎన్నింటికి?"

"నేను కొండకింద గొర్రెలకాడ ఉండినాను. మనిషిని పంపినారు. మూడుకి ఇల్లు చేరినాను, బండిమీద ఏసుకుని పోయినాను. మూడున్నరకి ఆసుపత్రి. కరిచింది రెండింటికి. ఏమ్మా, రెండే కదా?"

చెంచమ్మ సంగటి కెలుకుతూనే ఉంది. "ఆ... రెండే."

భారతి తల ఊపి రాసుకుంది. "ఆసుపత్రిలో ఏం చేసినారు?"

"రెండు సీసాలు ఎక్కించినారు. పది కావాలంట! ఎనిమిది లేవంట! నర్సు చేతిలో బీరువా తాళంచెవి ఉండె. లేవంటే నేను నమ్మాలంట."

"108 ఎంతసేపటికి వచ్చింది?"

"గంటా పది నిమిషాలు. అంతసేపూ పండ్ల చిగుళ్లలో నెత్తురు కారతానే ఉంది. 'మామా, నన్ను ఎక్కడికన్నా తీసకపో' అనింది."

భారతి అడిగింది. "ఆసుపత్రికి చేరినప్పుడు కాలు ఎట్లుందో నర్సును కూడా అడగాలన్నా. వాపు ఎందాక ఎక్కిందో చూస్తే కరిచి ఎంతసేపైందో తెలుస్తుంది. ఆమె ఈ ఇంట్లోనే ఉంటారన్నారు..."

"ఆ మాట ఎత్తొద్దు."

"రెండు నిమిషాలే అన్నా, ఫారంలో..."

కాటమరాజు ట్యాబు లాక్కుని రాతికట్టకేసి కొట్టాడు. అద్దం పగిలి చిట్లింది. భారతి బెదిరి గోడకు ఆనుకుంది.

"నీ ఫారం తగలెయ్యా! చంపిందాన్నే సాక్ష్యం అడుగుతావా?" గొడ్డలి అందుకుని రేకులమీద ఒక్క వేటు వేశాడు. రేకు చీలింది. ఇంకో తన్ను తన్నేసరికి అడ్డం మొత్తం అటువైపు కూలింది. శివపార్వతి బియ్యం గిన్నె వదిలేసి లేచి నిలబడింది.

"చెప్పవే! ఈ పొద్దు చెప్పు! మిగతా మందు ఏం చేసినావు? ఎవరికి దాచినావు?"

లోపల్నుంచి సురేష్ పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి వెనకనుంచి పట్టుకున్నాడు. "రాజూ, వద్దురా! ఒకసారి చేసింది చాలదా?" కాటమరాజు విదిలించుకుని గొడ్డలి కర్ర కామను వెనక్కి పొడిచాడు. అది సురేష్ నుదుటికి తగిలింది. చర్మం చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. సురేష్ మోకాళ్లమీద కూలబడ్డాడు.

అయినా కాటమరాజు ఆగలేదు. గొడ్డలి పైకెత్తి వదిన మీదికి నడిచాడు. శివపార్వతి కదల్లేదు, అరవలేదు. ఆమెకూ అతనికీ మధ్యలోకి చెంచమ్మ వచ్చి పడింది. చేతిలో ఇంకా సంగటి తెడ్డు ఉంది.

"నన్ను నరుకురా! నన్ను! పార్వతి కాదురా, నేను చంపినాను దాన్ని!"

"అడ్డం లేయమ్మా."

"పదింటికి కరిచిందిరా! రెండుకి కాదు, పొద్దున పదింటికి!"

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

చెంచమ్మ మాటలు ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డాయి. "కలుపు తీస్తా ఉంటే కరిచింది. కుంటుకుంటా ఇంటికొచ్చింది. ఫోన్ చేద్దామంటే టవరు లేదు. పన్నెండు దాకా ఒక్క బండి లేదు ఊళ్లో. నేనే పసరు కట్టించినాను. పన్నెండింటికి ఆటో వచ్చిందిరా. 'అత్తా, పార్వతక్క కాడికి పోదాం' అని బిడ్డ నా కొంగు పట్టుకునింది. నేనే ఆటోను పొమ్మన్నాను. రాజు రానీ, పసరు పని చేస్తదిలే అన్నాను."

"ఎందుకమ్మా?" కాటమరాజు గొంతు ఎవరిదోలా వినిపించింది.

"మీ నాయనను తిప్పితిమి కదరా ఆసుపత్రుల చుట్టూ! ఒకచోట డాక్టరు లేడు, ఒకచోట మిషను లేదు, ఇంకోచోట మంచం లేదు. చివరికి ఆటోలోనే నా ఒళ్లో పోయినాడు. మన ఇంట్లోంచి పోయినోళ్లు ఎవరు తిరిగొచ్చినారురా? భయమేసింది నాకు. ఇంట్లోనే నయమైతదేమో అనుకుంటిని."

కాటమరాజు కళ్లు ఎర్రబడ్డాయి. గొడ్డలి ఈసారి తల్లివైపు తిరిగింది. అది లేవకముందే శివపార్వతి ముందుకొచ్చి రెండు చేతులతో కామ పట్టుకుంది. కుడిచేతి వేళ్లు ముడుచుకోక జారిపోతుంటే ఎడమచేత్తో గుండెకు అదుముకుంది. ఇనుము ఆమె భుజానికి ఒరుసుకుంది. అయినా వదల్లేదు.

"నీకు తెలుసా?" అన్నాడు కాటమరాజు.

"పాదం కడిగేటప్పుడే తెలిసింది. పసరు వాసన, వాపు తొడ దాకా. గంటన్నరకు అట్ల కాదు."

"మరి చెప్పలేదేంది? ఆ పొద్దు చెప్పలే, పోలీసులకూ చెప్పలే, ఎనిమిది నెలలు ఈ ఇంట్లోనే ఉంటివి..."

"ఆ పొద్దు నీ చేతిలో ఇనప స్టాండు ఉంది. అత్త నీ వెనకనే నిలబడి ఉంది." శివపార్వతి ఊపిరి పీల్చుకుంది. "నాకు చెయ్యే పోయింది. ముసలామె తలకాయ పగిలేది."

గొడ్డలి కిందపడింది. కాటమరాజు రెండు చేతులతో తల బాదుకుంటూ మట్టిలో కూలబడ్డాడు. చెంచమ్మ పక్కన చతికిలబడి ఏడ్చింది. కొడుకు తల నిమరబోయి, ధైర్యం చాలక చెయ్యి వెనక్కి తీసుకుంది.

శివపార్వతి మొగుడి దగ్గరకు పరుగెత్తింది. గుడ్డ తెచ్చి నుదుటికి అదిమింది గానీ ఒక్క ఎడమచేత్తో బిగువు చాలడం లేదు. నెత్తురు వేళ్ల సందుల్లోంచి వస్తూనే ఉంది.

"రాజూ! ఏడ్సింది చాలు. ఇట్రా, ఇక్కడ అదిమి పట్టుకో. గట్టిగా. నాకు పట్టు లేదు."

అతను పాక్కుంటూ వచ్చి అన్న నుదుటిమీద చెయ్యి పెట్టాడు. "అన్నా..." అన్నాడు. సురేష్ కళ్లు మూసుకునే తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు.

భారతి సంచిలోంచి కాగితం ఫారం తీసింది. "నేను ఇంకోరోజు వస్తానన్నా."

"వద్దక్కా. ఇప్పుడే రాయి. తప్పు రాయించినాను, దిద్దుకో." గుడ్డమీద నుంచి చెయ్యి తియ్యకుండానే కాటమరాజు చెప్పాడు. కరిచింది పదింటికి. బండి లేక రెండు గంటలు. ఆటోను పంపేసింది పన్నెండింటికి. ఇల్లు కదిలింది మూడుకి. ఉండింది రెండు సీసాలు. 108 రావడానికి గంటా పది నిమిషాలు.

"రెండు సీసాలే ఎందుకు మిగిలినాయంటే," శివపార్వతి మెల్లగా అంది, "మూడు నెలలు కాగితం మీద కాగితం రాసినాను, మందు పంపండని. రాలేదు."

కాటమరాజు తల వంచుకున్నాడు. "టౌన్లో ఎంతసేపక్కా?"

"మార్కాపురంలో నేను పోయిన ఇండ్లల్లో గంట లోపే సూది పడిందన్నా."

"వీటన్నిట్లో నా పెండ్లాన్ని చంపింది ఏదక్కా?"

"ఆ ప్రశ్న ఫారంలో లేదన్నా." భారతి కళ్లు తుడుచుకుంది. "చివర్లో ఒక గడి ఉంది. ఇంకేమైనా చెప్పాలంటే చెప్పొచ్చు."

"రాసుకో. మా ఆసుపత్రిలో సూది వేసే నర్సు ఒక్కతే ఉండె. ఆమె చెయ్యి నేను విరగ్గొట్టినాను. ఆమె ఇప్పుడు రిజిస్టరు రాస్తది. ఆరు ఊళ్లకు ఇంక సూది వేసేవాళ్లు లేరు. మళ్లీ ఎవరినన్నా పాము కరిస్తే, ఆ చావులో నా పేరు కూడా ఉండాలని రాసుకో."

ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఎవరిముందూ ఏడవని శివపార్వతి అప్పుడు ఏడ్చింది. మోకాళ్లలో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. చెంచమ్మ వచ్చి ఆమెను ఒళ్లోకి లాక్కుంది. "నా తల్లీ, నన్ను కాచినావు" అంటూ వంకర మణికట్టును చెంపకు ఆనించుకుంది.

కొంతసేపటికి శివపార్వతి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. సురేష్ నుదుటిమీద గుడ్డ ఎత్తి చూసింది.

"కుట్లు పడాల. డాక్టరు ఈ పొద్దు ఉంటాడు. బండి తియ్యి రాజూ."

"గేటు కాడ దించి నేను బయటనే నిలబడతాను వదినా. నన్ను రానియ్యరు."

ఎన్నో నెలల తర్వాత వదినా అన్నాడు. శివపార్వతి విన్నది.

"బయట ఎందుకు?" అంది. "మీ అన్నను పట్టుకునేది ఎవరు మరి? నా వెంట లోపలికి రా. అడిగితే నేను చెప్పుకుంటాను."