కాలువ కడిగిన ప్రేమికుడు

“ఈ కాలువ ఎవరు కడిగారు?”

“నేనే మేడమ్! మీరొస్తున్నారని బ్లీచింగ్ పోసి మరీ కడిగాను” అన్నాడు పూతబ్బాయి, శభాష్ కోసం మెడ సాచి.

ఇనప సామానుకు రాగిపూత వేసే ఆ కార్ఖానా యజమాని కొడుకతడు. కాలువ కడిగినవాణ్ణి పరిశోధకురాలు అక్కడికక్కడే కడిగేసింది.

“ఏళ్ల తరబడి రాగినీళ్లలో బతకడం నేర్చుకున్న బాక్టీరియా అండీ ఇక్కడుండేది! అవి దొరక్కపోతే నా ప్రాజెక్టు ఇక్కడితో సరి!”

రాగి అంటే అనురాగం దాకా వెళ్లగల నోరు అతనిది. ఆ పూట ల్యాబ్ దాకానే వెళ్లింది.

“మీ ల్యాబ్‌లో వేరేవి ఉంటాయి కదా?” అన్నాడు.

“ఈ నీళ్లు పోస్తే అవి చచ్చూరుకుంటాయి. ఇక్కడివి అలా కాదు. రాగి ఎక్కువైతే లోపల ఒక ప్రొటీన్ ఇట్టే పసిగట్టేస్తుంది. వెంటనే ఒంట్లోనే పంపులు తయారుచేసుకుని రాగిని బయటికి తోసేస్తాయి.”

“మా నాన్న నన్ను తోసినట్టు.”

“నవ్వు రావట్లేదు” అందామె. పెదవి చివర మాత్రం ఆమె మాట వినలేదు.

ఆ చివర చాలు అతనికి. “పక్క తొట్టి రాగినీళ్లు పోయే గొట్టం గచ్చు కింద విడిగా వెళ్తుంది. అందులో బ్లీచింగ్ పడలేదు. తవ్వుతా!”

“మీ నాన్నగారు?”

“ముందు నేను గచ్చు పగలగొడతా. తర్వాత ఆయన నన్ను. ఎవరి పని వాళ్లది.”

గునపం అందుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. తండ్రి బొబ్బలు పెట్టాడు. వాన రేకుల్లోంచి కారి గుంట నింపుతుంటే, ఆమె చీవాట్లు మానేసి బకెట్ పట్టుకుంది. పొద్దు వాలుతుండగా గొట్టం వంపు ఊడింది. లోపల పచ్చటి జిగురు.

“అబ్బ, కంపు!” అన్నాడు.

“కంపు కాదండీ, కాపురం! అన్నీ ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉన్నాయి” అంటూ సీసాలో నింపుకుని పరిగెత్తింది.

వారం తిరక్కుండా ల్యాబ్‌కు రమ్మని కబురు. రాగి కలిపిన గాజుపళ్లెం నిండా తెల్లటి చుక్కలు. ల్యాబ్‌వి పెట్టిన పళ్లెం బోసిగా ఉంది.

“బతికాయి” అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఇదే అదననుకున్నాడు. “మన గురించి మా నాన్నతో మాట్లాడదామనుకుంటున్నా.”

“మన గురించా? ముందు నాతో మాట్లాడాలనిపించలేదా?”

“మీరంటే ఇష్టం. చాలా.”

“ఇప్పటికి అన్నారు! నిన్న గచ్చుకి సారీ చెప్పడానికి వెళ్తే, మీ నాన్నగారే అడిగేశారు, మావాడితో వేగగలవా అమ్మా అని.”

“మీరేమన్నారు?”

పళ్లెం మూత జాగ్రత్తగా పెట్టి తలెత్తింది.

“అలవాటైపోయాడండీ అన్నాను.”