పధ్నాలుగో రోజు పేరు

మగపిల్లాడు పుడితే తల్లికి నలభై రోజుల వెలి. ఆడపిల్లయితే ఎనభై. సెమియెన్ కొండల్లోని ఆ యూదుల ఊళ్లో ఈ లెక్క ఎందుకని ఎవరూ అడగరు. ఊరి చివర బాలింత గుడిసె, దాని చుట్టూ మోకాలెత్తు రాళ్ల వరస. లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపల అడుగు పెట్టకూడదు. పొరపాటున చెయ్యి తగిలినా ఏటికి పోయి తలమునకలుగా మునిగి, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చోవాలి.

ఎనానూకి ఆ వేళ పధ్నాలుగో రోజు. తొలి కానుపు. పుట్టింది మొదలు పాప ఒకటే ఏడుపు.

"ఆడపిల్లకి ఇంత గొంతేమిటే! వాళ్ల నాన్న కొలిమి తిత్తి మింగేసిందా ఏమిటి?" అంది అత్త యెషారెగ్, రాళ్ల అవతలి నుంచి రొట్టెల బుట్టని కర్రతో లోపలికి నెడుతూ.

"కంటి మీద కునుకు లేదత్తా. ఒక్క క్షణం ఎత్తుకునే దిక్కు కూడా లేదు."

"ముగ్గుర్ని కన్నాను ఇలాంటి గుడిసెలోనే. నన్నెవరు ఉద్ధరించారు? మధ్యాహ్నం యాజకుడొస్తాడు, నీ మొగుడొస్తాడు. పేరు పెడితే అదే నోరు మూస్తుందిలే."

పధ్నాలుగో రోజున యాజకుడు దెస్తా రాళ్ల బయట నిలబడి పాత తోలు పుస్తకం చదువుతాడు. ఆకాశంలో కాపలా ఉండాల్సిన దేవదూతలు ఆడవాళ్ల మీద మనసుపడి కొండ మీదికి దిగడం, వాళ్లకు పుట్టిన పిల్లలు ఊళ్లకు ఊళ్లు తినెయ్యడం అందులో ఉన్నాయి. చదవడం అయ్యాక తండ్రి బిడ్డను పేరు పెట్టి పిలుస్తాడు. ఇది మా బిడ్డ, ఇంకెవరిదీ కాదు అని ఆ పైవాళ్లకు వినిపించడమన్నమాట. ఒకసారి ఊరికొచ్చిన తెల్ల మిషనరీ ఒకాయన, ఆ పుస్తకం తమ బైబిల్లో లేదనీ, నమ్మొద్దనీ చెప్పాడు. "మీ దాంట్లో లేదని వాళ్లు దిగడం మానేస్తారా నాయనా?" అన్నాడు దెస్తా. ఊరంతా పగలబడి నవ్వింది.

మధ్యాహ్నానికి లోయలోంచి పొగమంచు లేచింది. వానాకాలంలో అది మామూలే. ముందు చెట్లు పోయాయి, తర్వాత ఊరి కప్పులు, ఆఖరికి రాళ్ల వరస కూడా కనబడలేదు. గుడిసెలో తడిసిన గడ్డి వాసన, పులిసిన పాల వాసన. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎనానూ."

గుమ్మంలో తెజాజు. ఆమె మొగుడు.

"వచ్చావా! యాజకుడేడీ?"

"దారి కనపడక ఆగిపోయాడు." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "పాపని ఇటివ్వు."

"నువ్వు... రాళ్లు దాటొచ్చావా?"

"ఈ మంచులో ఎవరు చూస్తారు?"

భయపడాల్సిందే. కానీ పధ్నాలుగు రోజులుగా ఒక మనిషి చెయ్యి తగలక అల్లాడిపోయింది ఆమె. అతను తల మీద చెయ్యి వేసేసరికి దుఃఖం పొంగుకొచ్చింది. నా కోసం ఆచారం కూడా తప్పాడు అనుకుంది. తప్పు పట్టేవాళ్లు పట్టుకోండి, ఆ క్షణంలో ఆమె సంతోషం మాత్రం నిజం. పాపను చేతికిచ్చింది.

అతను వంగి పాప చెవిలో ఒక పేరు చెప్పాడు.

ఏడుపు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో... దూరంగా... టంగ్... టంగ్...

సుత్తి చప్పుడు.

ఊళ్లో ఉన్నది ఒక్కటే కొలిమి. అక్కడ సుత్తి పట్టేది ఒక్కడే.

ఎనానూ అతన్ని తేరిపార చూసింది. అతని బట్టల మీద మసి లేదు... మంచులో నడిచొచ్చిన కాళ్లకు తడి లేదు... పాప కోసం చేతులు చాచింది. అతను పాపను మెల్లగా ఆమె ఒళ్లో పడుకోబెట్టి మంచులోకి వెళ్లిపోయాడు. అడుగుల చప్పుడు వినబడలేదు.

టంగ్... టంగ్... అవతల సుత్తి ఆడుతూనే ఉంది.

చాలాసేపటికి ఆ చప్పుడు ఆగింది. మంచు కాస్త విడింది. రాళ్లకు అవతల తెజాజు, పక్కన చంకలో పుస్తకంతో దెస్తా.

"ఏమే, బతికున్నావా?" తెజాజు కేకేశాడు. "మంచు విడిస్తే గానీ మన పెద్దాయన కదలనన్నాడు. అందాకా నాగలి కర్రు సాగగొడుతూ కూర్చున్నా."

"ఇందాక నువ్వు..." అంది ఎనానూ.

"నేనేం?"

దెస్తా తలెత్తాడు. పుస్తకం ఇంకా తెరవలేదు. "ఎవరైనా వచ్చారా తల్లీ?"

అవునంటే పాపను ఊళ్లోకి రానివ్వరు. ఆ తర్వాత ఏం చేస్తారో తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాలలేదు. పాప హాయిగా నిద్రపోతోంది, తల్లి వేలు పిడికిట్లో పట్టుకుని.

"ఎవరూ రాలేదు," అంది.

దెస్తా చదివాడు. తెజాజు "వర్క్‌నెష్!" అని మూడుసార్లు పిలిచాడు. పాప కదలలేదు. అంతకుముందు విన్న పేరు గుర్తు తెచ్చుకోవాలని ఎనానూ ఎంత ప్రయత్నించినా నాలుక మీదికి రాలేదు.

ఎనభయ్యో రోజున ఆమె ఏట్లో మునిగి, తెల్లబట్ట కట్టుకుని, పాపతో ఇంటికొచ్చింది. గుడిసెకు నిప్పు పెట్టారు. తెజాజు కూతుర్ని మొదటిసారి ఎత్తుకుని, "అబ్బో, ఇనప దిమ్మలా ఉందే!" అని మురిసిపోయాడు. యెషారెగ్ మనవరాల్ని లాక్కుని బుగ్గలు పుణికింది.

"ఏడుపన్న మాటే లేదు. ఎంత బొద్దుగా తయారైందో! బక్కప్రాణం, ఏం పెంచుతుందిలే అనుకున్నా గానీ, నీకు పాలు బాగా పడ్డాయే!"

ఎనానూ తల ఊపింది.

ఆ మంచు పట్టిన మధ్యాహ్నం నుంచి పాప రొమ్ము పట్టలేదు. అరవై ఆరు రోజులు... ఒక్క చుక్క కూడా తాగలేదు.