ఎల్లాజీ బిళ్ల

"ఈ స్ట్రాప్‌కి బకిల్ ఎడమవైపు కావాలి," అన్నాడు సుందర్ రాజ్.

"ఎడమ బకిల్ మద్రాసు నుంచి రావాలి," అన్నాడు గడియారాల నజీర్, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే.

కోడ్ సరిపోయింది. విశాఖ పాతపట్నంలోని ఆ ఇరుకు సందులో నజీర్ గడియారాలు బాగుచేస్తాడని అందరికీ తెలుసు. తూర్పు తీరం గూఢచారులందరికీ అతనే చీఫ్ అని నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో ఒకడు ఏజెంట్ టి-సెవెన్, అంటే మన సుందర్ రాజ్. అది 1983 సెప్టెంబర్.

"కొండమీద కోస్తా అణు ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. యూనివర్సిటీ వాళ్లది," అన్నాడు నజీర్ గొంతు తగ్గించి. "అక్కడ రియాక్టర్ ఇంధనానికి సంబంధించిన డ్రాయింగులు పద్నాలుగున్నాయి. పదేళ్ల కష్టం. వాటి ఫిల్మ్ ఒకటో తారీఖున ఊరు దాటబోతోంది. కొనేవాడు హెల్మర్. ఓడలో ఇంజినీరు వేషంలో వస్తున్నాడు."

"ఫిల్మ్ దొరకగానే పట్టుకోనా?"

"వద్దు. గేటు దగ్గర పట్టుకుంటే దొరికేది గుమాస్తా. నాకు హెల్మర్ కావాలి. సరుకు వాడి చేతికి చేరేదాకా వేలు పెట్టకు."

"చేరాక జారిపోతే?"

నజీర్ గడియారం మూత బిగించాడు. "డ్రాయింగులు పోయినట్టే. అప్పుడు నువ్వూ నా పక్కన స్టూలేసుకుని గడియారాలు బాగుచేద్దువుగాని."

చేతిలో ఆయుధం ఉన్నా వాడొద్దనే ఉత్తర్వు సుందర్‌కి ఎప్పుడూ నచ్చలేదు. కానీ ఉత్తర్వు ఉత్తర్వే. మర్నాడు కళ్లజోడు, సఫారీ సూటు, చంకలో ఫైలుతో కొత్త సేఫ్టీ ఆఫీసరుగా కేంద్రంలో చేరాడు.

అక్కడ రేడియేషన్ పనివాళ్లందరికీ తలా ఒక బాడ్జి ఉంటుంది. లోపల నల్లకాగితంలో చుట్టిన చిన్న ఫిల్మ్. మనిషికి రేడియేషన్ తగిలితే అది నల్లబడుతుంది. ఒకటో తారీఖున బాడ్జీలన్నిటినీ ఒక పెట్టెలో సీలు చేసి పరీక్షకి పంపుతారు. గేటు దగ్గర టిఫిన్ క్యారియర్లు విప్పి సాంబారులో గరిటె పెట్టి చూసే గార్డులు కూడా ఆ పెట్టె జోలికి రారు. తెరిస్తే వెలుగు తగిలి ఫిల్ములన్నీ పాడవుతాయి.

ఇరవై అయిదో తారీఖు ఉదయం వరండాలో మేకుకి వేలాడుతున్న ఒక బాడ్జి సుందర్ కంటపడింది. అది సోర్స్ రూం అటెండరు ఎల్లాజీది. రేడియోధార్మిక పదార్థం ఉన్న సీసం కుండల్ని తుడిచి సర్దేది అతనే. సేఫ్టీ ఆఫీసరన్నాక ఎవర్నో ఒకర్ని కేకలెయ్యకపోతే వేషం రక్తి కట్టదు.

"ఇది ఇక్కడెందుకుంది?"

"పదకొండేళ్ల నుంచీ అక్కడే ఉంటాది బాబూ," అన్నాడు ఎల్లాజీ మాప్‌కర్ర గోడకి ఆనించి. యాభై దాటిన మనిషి, నవ్వితే పై పన్ను ఒకటి లేదు. "ఆ బిళ్ల పిన్నీసుకి సొక్కా సిరిగిపోతాది. మా నూకాలు తిడతాది. పైగా అది నల్లబడిందనుకోండి, ఈ పని కాడినుంచి తీసేత్తారు. ఇంక నానేటి సేత్తాను?"

"వేసుకోకపోతే ఇవాళే తీసేస్తారు," అన్నాడు సుందర్. తన చేత్తోనే బాడ్జి తీసి అతని చొక్కాకి గుచ్చాడు. "రోజూ చూస్తాను."

ఎల్లాజీ ఆ బిళ్ల వంక చూసుకుని, పెళ్లికొడుకులా ఉన్నానా బాబూ అని నవ్వుతూ సోర్స్ రూంలోకి వెళ్లాడు.

అసలైన సేఫ్టీ ఆఫీసరైతే ఇంకో ప్రశ్న కూడా అడిగేవాడు. రేడియేషన్ కొలిచే కౌంటర్ ఏదీ అని. అది రిపేరుకి బొంబాయి వెళ్లి తొమ్మిది నెలలైంది. సుందర్ ఉత్త వేషగాడు కాబట్టి అడగలేదు.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం క్యాంటీన్ వెనక ప్రేమలీల కలిసింది. బాడ్జీల రిజిస్టరు రాసేది ఆమే. హెల్మర్ ముఠాలో మనవాళ్లు పెట్టిన మనిషి. నీలం షిఫాన్ చీర, పొడుగాటి లోలాకులు, మాట మాత్రం కత్తిరించినట్టు ఉంటుంది.

"ఇరవై నాలుగునే డ్రాయింగులు ఫిల్మ్ తీశాను. ఇక్కడ కడగడానికి లేదు. ఎల్లాజీ బాడ్జిలో దాచాను."

"అతనిదే ఎందుకు?"

"అది మేకు మీంచి కదలదు కాబట్టి. హెల్మర్‌కి ఇచ్చేది మాత్రం ఖాళీ ఫిల్మే. నన్ను నమ్మండి."

ఆ మాటలకి సుందర్‌ బుర్రలో గంట మోగి ఉండాల్సింది. మోగలేదు. అతను లోలాకులు చూస్తున్నాడు.

ఒకటో తారీఖు. పెట్టె ప్రేమలీల చేతిలో గేటు దాటింది. పోస్టాఫీసుకని బయల్దేరిన ప్రేమలీల టాక్సీ హార్బరు వైపు తిరిగింది. వెనకే ఆటోలో సుందర్, ఓడలకి కూరగాయలు వేసే కంపెనీ గుమాస్తా వేషంలో, ఒళ్లో వంకాయల బుట్టతో. జేబులో పెన్ను. మూత రెండుసార్లు తిప్పితే నజీర్ పడవకి సిగ్నల్ వెళుతుంది.

ఆమె వెనకే పడవలో ఓడ చేరాడు గాని, పెన్ను తిప్పే అవకాశం రాలేదు. క్యాబిన్ తలుపు తెరుచుకోగానే మెడ వెనక హెల్మర్ పిస్తోలు చల్లగా తగిలింది.

"టి-సెవెన్," అంది ప్రేమలీల లిప్‌స్టిక్ గొట్టంలోంచి ఫిల్మ్ చుట్ట తీస్తూ. "ఫిల్మ్ అసలుదే హెల్మర్. వంకాయలు మాత్రం నావి కావు."

హెల్మర్ పెన్నుని బూటుకింద వేసి నలిపాడు. సుందర్‌ని కుర్చీకి కట్టి, బాత్రూంలో ఎర్ర దీపం వెలిగించి ఫిల్మ్ కడగడం మొదలుపెట్టాడు. డబ్బు ఇచ్చేముందు సరుకు చూసుకోవాలి కదా.

మూడూ నలభై. నాలుగింటికి ఓడ కదులుతుంది. ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కినట్టున్నాడు, పైన అడుగుల చప్పుడు. సుందర్ తాడు గుంజాడు, మణికట్లు కోసుకుపోయాయి. కుర్చీతో సహా పడబోయాడు, అది నేలకి బిగించి ఉంది. అరుద్దామంటే నోట్లో తువ్వాలు. పదేళ్ల కష్టం తన కళ్లముందు పళ్లెంలో తడుస్తోంది. తను దాన్ని చూస్తూ కూచున్నాడు. ఇంత చేతకానివాడిగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు. ఏడుపొచ్చింది.

"నువ్వు దీనికి వెలుగు చూపించావు," అంది హెల్మర్ గొంతు.

ఫిల్మ్ పైకెత్తి దీపానికి పట్టి చూపించాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా కటిక నలుపు. గీత లేదు, అంకె లేదు.

"లేదు, ఇందాకటిదాకా బాడ్జిలోనే ఉంది," అంది ప్రేమలీల.

"నువ్వూ వీడూ ఒకటే. నాకు బొగ్గు అమ్మడానికి వచ్చారు."

పిస్తోలు సుందర్ నుదుటి మీదికి వచ్చింది. అప్పుడే నిచ్చెన దగ్గర కాపలా ఉండే మనిషి తలుపు కొట్టి, బయటివాళ్లెవరైనా ఉంటే దిగిపోవాలన్నాడు. ఇద్దరు ఎక్కడం అతను చూశాడు. ఇద్దరూ దిగడం చూడాలి. సరుకు లేని చోట శవాలెందుకనుకున్నాడేమో, హెల్మర్ విసుగ్గా కట్లు కోశాడు. నాలుగింటికి ఒక్క నిమిషం ముందు ఇద్దరూ నిచ్చెన దిగారు. ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వెళ్లిపోయింది. డ్రాయింగులు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

"ఏం చేశావు?" అంది ప్రేమలీల పడవలో. "నీకెలా తెలిసింది?"

అప్పుడు మోగింది సుందర్ బుర్రలో గంట. ఫిల్మ్ ఊరికే నల్లబడదు. అది ఆరు రోజులు ఒక మనిషి గుండె మీద ఉంది.

జెట్టీ మీద సుందర్ సైగ చెయ్యగానే నజీర్ మనుషులు ప్రేమలీలని చెరోపక్కా పట్టుకుని కారు తలుపు తీశారు. సుందర్ కొండమీదికి పరిగెత్తాడు.

ఎల్లాజీ కుళాయి దగ్గర మాప్ పిండుతున్నాడు. చొక్కాకి కొత్త నెల బిళ్ల ఉంది.

"రోజూ వేసుకున్నావా?" అన్నాడు సుందర్ ఆయాసంగా.

"మీరు సెప్పారు గదా బాబూ. ఒక్కపూటైనా తియ్యనేదు. ఏటలా సూత్తన్నారు?"

"ఆ సీసం కుండల్లో ఏదైనా పాడైందా?"

"ఎనకాల పెద్దది ఎండాకాలంలో జారి పడ్డాది. మూత బీటేసింది. కాయితం రాయించి పైకిచ్చాను. సీసమే గదా, ఏటీ అవదన్నారు." మాప్ మళ్లీ నీళ్లలో ముంచాడు. "నాలుగు నెలల్నించీ కూడు సయించట్నేదు బాబూ. వయసైపోనాది గావాల."

ఆరు రోజులకి ఫిల్మ్ అంత నల్లబడితే నాలుగు నెలలకి మనిషి ఏమవుతాడో లెక్క కట్టడం సుందర్‌కి చేతకాలేదు. డాక్టరుకి చేతనైంది. రక్తం రిపోర్టు చూసి, మడిచి, చూద్దాం అన్నాడు.

"ఏం చూస్తారు?"

"చూడ్డమే," అన్నాడు డాక్టరు.

ఆస్పత్రి మంచం మీంచి ఎల్లాజీ అడిగాడు. "నా బిళ్ల సర్కారుకి పనికొచ్చినాదంట గదా బాబూ. పని కాడినుంచి తియ్యరు గదా?"

"తియ్యరు," అన్నాడు సుందర్. అతని చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు నజీర్ దుకాణంలో స్టూలేసుకుని రిపోర్టు నింపాడు. ఫారం పాతదే. హెల్మర్ జారిపోయినా డ్రాయింగులు దక్కాయి కాబట్టి, మిషన్ ఫలితం: విజయం. మన వైపు నష్టం: అక్కడ ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాడు. ఆఖరి గడిలో ఆపరేషన్‌లో వాడిన ప్రత్యేక పరికరం పేరు రాయాలి. ఎప్పుడూ అక్కడ పెన్నుల పేర్లూ, కెమెరాల నంబర్లూ రాసేవాడు.

ఈసారి "ఎల్లాజీ, అటెండరు" అని రాసి సంతకం పెట్టాడు.